అర్థమైంది, ఉస్తాద్ సాహెబ్

ఆరుగురు డాక్టర్లు మా గుమ్మం ముందు నిలబడి "మీరు ముందు", "అయ్యో, మీరుండగా నేనా", "పెద్దవారు, తమరు పదండి" అని ఒకరినొకరు బతిమాలుకుంటూ ఉంటే, వాళ్లందరికన్నా ముందు హాంబర్గ్ చలి లోపలికి వచ్చేసేది. ఆ చలికాలం ప్రతి శనివారం ఇదే తంతు. నేను తలుపు పట్టుకుని నిలబడేదాన్ని. ఒకరోజు విసుగొచ్చి "ఎవరో ఒకరు లోపలికి రండి, లేకపోతే నేనే బయటికి వచ్చేస్తాను" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వడం అయ్యాక మళ్లీ మొదలుపెట్టారు.

వాళ్లంతా ఊళ్లో ఉన్న అఫ్ఘాన్ డాక్టర్ల సంఘాల్లో ఒకదాని పెద్దలు. మా ఆయన డాక్టర్ నజ్ముద్దీన్ దానికి అధ్యక్షులు. కాబూల్లో పేరున్న సర్జన్. ఇక్కడికి వచ్చాక, నలభై దాటిన వయసులో పరీక్షలన్నీ మళ్లీ రాసి సర్జన్ అయ్యారు, రెండేళ్ల క్రితం రిటైరయ్యారు. సంఘం ఇరవయ్యేళ్లలో రెండుసార్లు చీలింది. మొదటిసారి లెటర్‌హెడ్ మీద మా రెండు భాషల్లో దరీ పైన ఉండాలా, పష్తో పైన ఉండాలా అన్న గొడవతో. రెండోసారి ఎందుకు చీలిందో చీలినవాళ్లకే గుర్తులేదు.

ఆ డిసెంబరులో అక్కడ మా దేశాన్ని ఏలుతున్నవాళ్లు ఆడపిల్లలకి నర్సింగు, మిడ్‌వైఫు చదువులు కూడా మూసేశారు. మిగిలిన ఒక్క తలుపూ అదే. నిజం చెప్పాలి కదా, ఆ వార్త విన్న రోజు మా ఆయన అన్నం ముట్టలేదు. రెండు వారాల్లో క్లాసు మొదలుపెట్టించారు. శనివారం ఉదయం తొమ్మిదికి మా హాల్లో కంప్యూటర్ ముందు ఒక డాక్టరు కూర్చుంటే, అక్కడ పన్నెండున్నరకి పంతొమ్మిది మంది పిల్లలు ఎవరి ఇంట్లో వాళ్లు, తలుపులు వేసుకుని, ఫోన్లలో వినేవాళ్లు. మొహాలు చూపించేవాళ్లు కాదు. తెర మీద పంతొమ్మిది నల్లటి గళ్లు, గడికో అక్షరం, అంతే.

నా పని టీ పెట్టడం, కంప్యూటర్ కలపడం, పిల్లల ఫోన్లకి నోట్సు పంపడం. నేను కాబూల్లో పద్నాలుగేళ్లు మిడ్‌వైఫ్‌ని, అందులో ఆరేళ్లు పిల్లలకి పని నేర్పాను. ఇక్కడ నా కాగితాలు చెల్లలేదు. ఇరవై రెండేళ్లు వృద్ధాశ్రమంలో జర్మన్ ముసలమ్మలకి స్నానాలు చేయించాను. మొదటి మీటింగులోనే "కాన్పుల పాఠాలు నేను చెప్తాను" అన్నాను. గుండె డాక్టరు తోర్యాలై గారు చెయ్యి గుండెల మీద పెట్టుకుని తల వంచారు.

"హమ్‌షీరా, మీ చేతి టీ లేకపోతే ఈ సంఘమే నడవదు" అన్నారు.

హమ్‌షీరా అంటే తోబుట్టువు. మా మగవాళ్లు "కాదు" అనే మాటని ఇంత అందంగా చెప్తారు. వినేవాళ్లు కృతజ్ఞతలు చెప్పుకోవాల్సి వస్తుంది. నేనూ చెప్పాను, నా బుద్ధి తక్కువ.

*

క్లాసు గంట. అందులో మొదటి ఇరవై అయిదు నిమిషాలు డాక్టర్లు ఒకరినొకరు పొగుడుకోవడానికి సరిపోయేది. తోర్యాలై గారు మా ఆయన్ని పరిచయం చేస్తారు, ఎక్కడ చదివారో, ఎన్ని ఆపరేషన్లు చేశారో. మా ఆయన "ఇదంతా మీ పెద్దమనసు" అని, తోర్యాలై గారి గురించి అంతకు రెట్టింపు చెప్తారు. బదఖ్షాన్ కొండల్లోంచి వినే షాహ్‌పరీ అనే పిల్ల ఫోను, ఇంటి కప్పు మీది సోలార్ పలకతో నడుస్తుంది. ఎండ ఉంటే గంట వస్తుంది. మబ్బు పడితే అరగంట. ఆ అరగంటా ఆ పిల్ల మా ఆయన ఏ సంవత్సరంలో బంగారు పతకం సంపాదించారో వినేది.

జనవరిలో మా ఆయన కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం మీద పాఠం చెప్పారు. అరవై రెండు స్లయిడ్లు. నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ విన్నాను. కారణాలు నాలుగు. వాటి వర్గీకరణ. రక్తనాళాన్ని లోపలినుంచి మూసే పద్ధతి. బ్లడ్ బ్యాంకుతో ఎలా మాట్లాడుకోవాలి. షాహ్‌పరీ ఉన్న లోయకి దగ్గరి ఆసుపత్రి ఏడుగంటల దూరం, అదీ మంచు లేనప్పుడు.

"మొత్తం అర్థమైందా?" అని అడిగారు చివర్లో.

"అర్థమైంది, ఉస్తాద్ సాహెబ్." పంతొమ్మిది గొంతులూ ఒక్కసారే.

"సందేహాలేమైనా?"

"లేవు, ఉస్తాద్ సాహెబ్. మీ నీడ మా మీదనుంచి తొలగకూడదు."

మా ఆయన మొహం వెలిగిపోయింది. అందరూ వెళ్లాక వంటింట్లోకి వచ్చి ఏదో నోట్లో వేసుకోవడానికి గిన్నెల మూతలు తీశారు.

"ఆ పిల్లలకి ఏం అర్థం కాలేదు" అన్నాను.

"పంతొమ్మిది మందీ అయిందన్నారు. నువ్వు వినలేదా?"

"కాలేదని ఏ పిల్ల అంటుందండీ మీ మొహాన? మీరెప్పుడైనా మీ ఉస్తాద్‌తో అన్నారా?"

ఆయన నిజంగానే కాసేపు ఆలోచించారు. "అనలేదు. నాకు అర్థమయ్యేది" అన్నారు.

ఈ మనిషితో ఏం మాట్లాడతాం! మా వాళ్లలో ఉస్తాద్‌తో "అర్థం కాలేదు" అంటే, "మీకు చెప్పడం చేతకాలేదు" అని నలుగురిలో అన్నట్టే. పెద్దవాళ్ల పరువు తీసిన పిల్ల అయిపోతుంది. నేనూ అలాగే చదివాను. మూడేళ్లు ప్రతిదానికీ తల ఊపి, క్లాసు అయ్యాక వార్డులో ముసలి నర్సు చేతులు చూసి పని నేర్చుకున్నాను. ఇప్పుడీ పిల్లలకి వార్డు లేదు, ముసలి నర్సు లేదు. తల ఊపడం ఒక్కటే మిగిలింది.

అది ఆయనకి విడమరిచి చెప్పాను. "నలభై ఏళ్లుగా పాఠాలు చెప్తున్నాను, సిద్దీకా" అని, మాంసం ముక్క ఒకటి తీసుకుని వెళ్లిపోయారు.

*

తర్వాత రెండు శనివారాలు షాహ్‌పరీ రాలేదు. "ఇదీ వీళ్ల శ్రద్ధ" అన్నారు తోర్యాలై గారు. "మనం ఇక్కడ నిద్ర మానుకుని కూర్చుంటే." తొమ్మిది గంటలకి నిద్ర మానుకోవడం ఏమిటో నాకు తెలియదు. హాజరు తక్కువైనవాళ్లకి సర్టిఫికెట్ ఇవ్వాలా వద్దా అని గంటన్నర చర్చించారు. ఆ సర్టిఫికెట్ మీద ఎవరి సంతకం ముందుండాలో అప్పటికింకా తేలలేదు.

ఆదివారం పొద్దున షాహ్‌పరీ దగ్గర్నుంచి నా ఫోనుకి రికార్డు చేసిన మాట వచ్చింది. నాలుగు నిమిషాలు. మధ్యమధ్య గాలి చప్పుడు. ఎక్కడో మేడ మీదికెక్కి మాట్లాడినట్టుంది. పిల్లలంతా నన్ను ఖాలా అంటారు, అంటే పిన్ని.

"ఖాలా జాన్, క్షమించండి, రెండు వారాలు క్లాసుకి రాలేదు. మా పక్కింటి సనోబర్ చచ్చిపోయింది. నాలుగో కాన్పు. బిడ్డ బాగానే పుట్టాడు, మాయ కూడా పడింది. తర్వాత నెత్తురు ఆగలేదు. నన్ను పిలిచారు, చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే కదా ఇక్కడ. ఖాలా, ఉస్తాద్ సాహెబ్ చెప్పినవన్నీ నాకు నోటికి వచ్చు. నాలుగు కారణాలూ వరసగా చెప్పగలను. ఆమె పక్కన కూర్చుని అవే చెప్పుకుంటూ ఉన్నాను. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియలేదు ఖాలా. ఆ రోజు అర్థమైందా అంటే అర్థమైంది అన్నాను. అందరూ అన్నారు, నేనూ అన్నాను."

కాసేపు ఏడుపు. తర్వాత ముక్కు తుడుచుకుని మళ్లీ మాట్లాడింది.

"మా వదిన గుల్‌చెహ్రాకి చలికాలం చివర్లో, హూత్ మాసంలో నెలలు నిండుతాయి. అప్పటికి దారి తెరుచుకోదు. మా అమ్మ అందరితో చెప్తోంది, మా షాహ్‌పరీ చదివింది, అదే చూసుకుంటుంది అని."

నేను ఫోను తీసుకెళ్లి మా ఆయన ముందు, రొట్టె ముక్కల మధ్య పెట్టి వినిపించాను. నాలుగు నిమిషాలూ విన్నారు. కళ్లద్దాలు తీసి, పైజామా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"ఆ రోజే అడగాల్సింది కదా" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. పెళ్లయిన ముప్ఫై ఒక్క ఏళ్లలో ఆయన మీద గొంతెత్తలేదు అని చెప్పను, చాలాసార్లే ఎత్తాను. కానీ ఆ రోజు ఎత్తలేదు. "ఫోను ఛార్జింగు పెట్టండి" అని మాత్రం చెప్పి, కోటు వేసుకుని బయటికి వెళ్లి, ఆల్‌స్టర్ సరస్సు చుట్టూ కాళ్లు నొప్పులు పుట్టేదాకా నడిచాను. తిరిగొచ్చేసరికి ఆయన అదే కుర్చీలో ఉన్నారు. రొట్టె అలాగే ఉంది. అది ఆయన తీసి లోపల పెట్టరు, అది వేరే సంగతి.

*

తర్వాతి శనివారం తోర్యాలై గారి పాఠం. విషయం గుండె కవాటాలు. మా ఆయన ఎప్పటిలాగే పక్కన కుర్చీలో కూర్చున్నారు. తోర్యాలై గారు "మన ప్రియతమ అధ్యక్షులు" అని మొదలుపెట్టేసరికి తెర మీద "ష" అన్న గడి వెలిగింది. ఆ రోజు బదఖ్షాన్‌లో మబ్బు. పొద్దున్నే ఫోనులో చూశాను.

నేను టీ ట్రేతో కాకుండా, కంచంలో పిండిముద్ద, ఒక పెద్ద ఉల్లిగడ్డ, నా పాత స్వెట్టరు పట్టుకుని హాల్లోకి వెళ్లాను. కంప్యూటర్ని నా వైపు తిప్పుకున్నాను.

"షాహ్‌పరీ, కెమెరా పెట్టు. మొహం వద్దు, చేతులు చాలు" అన్నాను.

"హమ్‌షీరా" అన్నారు తోర్యాలై గారు నెమ్మదిగా, "ఇది సంఘం క్లాసు."

"అవునండీ. మీ ఇంటి క్లాసు అయితే మీ ఇంటికే వచ్చేదాన్ని."

తెర మీదికి రెండు చేతులు వచ్చాయి. చలికి పగిలిన చేతులు, గోళ్లకి పాత గోరింటాకు. పంతొమ్మిదేళ్ల పిల్లవి.

"పొట్ట మీద ఎక్కడ చెయ్యి వేస్తావు? నీ దిండు తీసుకుని చూపించు."

చేతులు దిండు మీద అటూ ఇటూ తిరిగి ఆగిపోయాయి. హాల్లో ఆరుగురు డాక్టర్లు ఆ రెండు చేతుల్నీ చూస్తున్నారు.

మా ఆయన లేచారు. నన్ను గదమాయిస్తారనే అనుకున్నాను, సమాధానం కూడా సిద్ధంగా పెట్టుకున్నాను. ఆయన తన కుర్చీ నా వెనక్కి తోసి, బల్ల మీదున్న ఖాళీ ట్రే తీసుకుని వంటింట్లోకి వెళ్లారు.

నేను కూర్చున్నాను. "ఇదిగో, గర్భసంచి మెత్తగా ఉంటే ఇలా పిండిముద్దలా తగులుతుంది. ఇలా ఉన్నంతసేపూ నెత్తురు పోతూనే ఉంటుంది. బొడ్డు దగ్గర అరచేత్తో పట్టుకుని, గుండ్రంగా, గట్టిగా రుద్దాలి. ఉల్లిగడ్డలా గట్టిపడేదాకా వదలకూడదు. ముందు మూత్రం పోయించాలి. బిడ్డని రొమ్ముకి పట్టించాలి. ఎంతకీ గట్టిపడకపోతే..." అని స్వెట్టరు చేతిలోకి పిండి కుక్కి, ఒక పిడికిలి లోపలినుంచి, రెండో చెయ్యి పైనుంచి పెట్టి, మధ్యలో ఎలా నొక్కిపట్టాలో చూపించాను. "చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కో. ఇలా పట్టుకున్నాక ఎవరేమన్నా తియ్యకు."

"ఏలకులు ఎక్కడున్నాయి?" అని వంటింట్లోంచి కేక.

"పంచదార వెనక!" అని అరిచాను.

"పంచదార ఎక్కడుంది?"

నల్లటి గళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో మరో రెండు గళ్లు వెలిగాయి, నాలుగు చేతులు వచ్చాయి. క్లాసు అయ్యేసరికి తెర నిండా చేతులే. మా ఆయన పెట్టిన టీ తోర్యాలై గారు ఒక గుక్క తాగి, కప్పు కింద పెట్టి, ఇక ముట్టుకోలేదు. కవాటాల పాఠం ఆ రోజుకి వాయిదా పడింది.

*

అలాగని అన్నీ చక్కబడిపోయాయనుకోకండి. మర్నాడు ఇద్దరు డాక్టర్లు మా ఆయనకి ఫోన్లు చేసి, సంఘం నియమావళి ప్రకారం డాక్టరు కానివాళ్లు పాఠం చెప్పవచ్చా అని అడిగారు. ఆయన "నియమావళి ఎక్కడ పెట్టానో కనబడటం లేదు" అన్నారు. అది సొరుగులోనే ఉంది. శనివారం మొదటి అరగంట నాది, పొగడ్తలకి ముందే, అని నేను ప్రకటించాను. తోర్యాలై గారు మూడు వారాలు రాలేదు. నాలుగో వారం వచ్చి, గుమ్మం దగ్గర "మీరు ముందు" అన్నారు నాతో. నేను ముందే లోపల ఉన్నాను.

పిల్లలకి చేతులు కుదిరాయి గానీ నోళ్లు కుదరలేదు. "అర్థం కాలేదు అనండి, ఒక్కసారి, ఊరికే" అంటే గళ్లన్నీ మౌనం. "మీరు చెప్పాక కాకపోవడం ఏమిటి ఖాలా జాన్" అని ఒకతె. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది. షాహ్‌పరీ మాత్రం ఇంకోసారి, ఇంకోసారి అని దిండు మీద చేసి చూపించేది. చెయ్యి లాగేస్తోందా అంటే లేదు అనేది. దానికి లాగేస్తోందని నాకు కనిపిస్తూనే ఉండేది.

మార్చి మొదటి శనివారం "ష" గడి రాలేదు. ఆదివారం రాలేదు. నేను పంపిన మాటలు వెళ్లలేదు. అక్కడ మంచు కూలి టవరు పడిపోయిందని ఎవరో అన్నారు. ఎప్పుడూ ఎవరో ఒకరు అంటారు. ఇక్కడ సంఘం మా కొత్త సంవత్సరం నౌరోజ్ విందుకి పులావు ఎవరి హోటల్ నుంచి తెప్పించాలో తేల్చుకోలేక రెండు మీటింగులు పెట్టింది. రెండో మీటింగు మధ్యలో మా ఆయన లేచి, ఏ పులావైనా సరే అని చెప్పి, నా దగ్గరికి వచ్చి "ఏమైనా వచ్చిందా?" అని అడిగారు. "వస్తే దాచిపెడతానా?" అని కసిరాను. రోజుకి పదిసార్లు అడిగేవారు. పదిసార్లూ కసిరాను. ఆరు రోజులు.

ఏడో రోజు మధ్యాహ్నం షాహ్‌పరీ వీడియోలో పిలిచింది. మొహం చూపించింది, మొట్టమొదటిసారి. సన్నటి మొహం, కనుబొమలు కలిసి ఉన్నాయి.

"మా వదిన లేచి కూర్చుంది ఖాలా. ఇప్పుడే సూప్ తాగింది. ఆడపిల్ల."

మా ఆయన నా భుజం మీదినుంచి వంగి చూస్తున్నారు.

"మొత్తం చెప్పు" అన్నాను.

"మాయ పడ్డాక మొదలైంది. సనోబర్‌కి లాగే. మెత్తగా తగిలింది. రుద్దాను, గట్టిపడింది, మళ్లీ మెత్తబడింది. అప్పుడు మీరు స్వెట్టర్‌తో చూపించినట్టు పెట్టాను. ఎంతసేపో తెలియదు. మా అమ్మ, చాల్లే, దాన్ని ప్రశాంతంగా పోనీ, చెయ్యి తియ్యి అంది. తియ్యను అన్నాను ఖాలా. మా అమ్మతో. అమ్మ నా జుట్టు పట్టుకుని లాగింది. తియ్యలేదు. కాసేపటికి చేతికింద గట్టిగా అయింది. నా చెయ్యి రెండు రోజులు పైకి లేవలేదు."

"ఏ చెయ్యి?" అని మా ఆయన ముందుకు వచ్చేశారు. "కుడిదా? వేళ్లు కదులుతున్నాయా? చూడు, అది మోచెయ్యి లోపలివైపు నుంచి వచ్చే నరం..." అని, ఆ నరం ఎక్కడ పుడుతుందో, ఎన్ని కొమ్మలుగా చీలుతుందో, లాటిన్ పేర్లతో సహా మొదలుపెట్టేశారు. ఆ పిల్ల బ్యాటరీ ఎంతుందో అని నేను ప్రాణాలు ఉగ్గబట్టుకున్నాను. ఆయన ముగించి, అలవాటుగా, "అర్థమైందా?" అన్నారు.

షాహ్‌పరీ నా వైపు చూసింది. తర్వాత ఆయన వైపు చూసింది.

"కాలేదు, ఉస్తాద్ సాహెబ్."

"ఏది కాలేదు?"

"మొత్తం."

మా ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, తన మోచెయ్యి కెమెరా ముందు పెట్టి, వేలితో చూపిస్తూ మళ్లీ చెప్పారు. రెండు నిమిషాలు పట్టింది. నలభై ఏళ్లలో ఆయన చెప్పిన అతి చిన్న పాఠం అదే అయ్యుంటుంది. ఈసారి ఆ పిల్ల తన చేతి మీద సరిగ్గా ఆ చోటే వేలు పెట్టి చూపించింది.

"ఉస్తాద్ సాహెబ్" అంది తర్వాత, "సనోబర్‌కి కూడా ఇంతే చేస్తే సరిపోయేదా?"

నేనయితే అంతా దేవుడి చిత్తం అనేదాన్ని. మా వాళ్లందరం అలాంటప్పుడు అదే అంటాం, అనడానికి నోట్లోకి వచ్చింది కూడా.

"సరిపోయేది, బిడ్డా" అన్నారు మా ఆయన. "తప్పు నీది కాదు. నాకు చెప్పడం చేతకాలేదు."

తెర నల్లబడింది. అక్కడ ఛార్జి అయిపోయింది. ఆయన చొక్కా చెయ్యి మడిచినట్టే ఉంచి, ఖాళీ తెర వైపు చూస్తూ నిలబడ్డారు.

"వినబడిందంటావా?" అని అడిగారు.

"తెలియదు. శనివారం వస్తుందిగా, మళ్లీ చెప్పండి. అందరూ ఉన్నప్పుడు చెప్పండి" అన్నాను.